దక్షిణం మూలలో ఏం లేవు

పిట్టల్ని ఊరికే చూడటానికి తెల్లవారక ముందే లేచి, రెండు కోసుల దూరం పోయే మనిషి ఈ భూమ్మీద ఉంటాడంటే ఖదీర్ నమ్మలేదు. అతన్ని తప్పు పట్టడానికీ లేదు. ముప్ఫై ఏళ్లుగా ముర్గీచౌక్‌లో పంజరాలు పెట్టుకుని కూర్చున్నవాడు. పిట్టల్ని కోసుకు తినేవాళ్లను చూశాడు, పందెం కట్టేవాళ్లను చూశాడు, పాటలు నేర్పిస్తామని పట్టుకెళ్లేవాళ్లను చూశాడు. కొని గాల్లోకి వదిలేసేవాళ్లను కూడా చూశాడు. చూసి ఊరుకునేవాడు మాత్రం అతనికి ఎప్పుడూ ఎదురుపడలేదు.

నిజం చెప్పాలంటే వదిలేసేవాళ్ల మీదే అతని బతుకు నడిచేది. ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరినా, కాన్పు కష్టమైనా, దూరప్రయాణం పెట్టుకున్నా, శుక్రవారం నమాజు తర్వాత జనం ముర్గీచౌక్‌కు వచ్చేవాళ్లు. సదఖా దానం కింద నాలుగు లాల్ పిట్టలు కొని, జబ్బు మనిషి తల చుట్టూ తిప్పి వదిలేసేవాళ్లు. హిందువులూ వచ్చేవాళ్లు. కష్టానికి మతమేముంది? బొటనవేలంత ఎర్రటి ఆ పిట్టలు రివ్వున లేచి ఎక్కడికి పోతాయి? ఉప్పుగూడ అవతల ఖాస్ చెరువు జమ్ములోకే పోతాయి. మూడు నాలుగు రోజులాగి ఖదీర్ అక్కడే వల వేసి, మళ్లీ వాటినే పట్టుకొచ్చి పంజరంలో పెట్టేవాడు. పుణ్యం వాళ్లకు, పిట్ట తనకు. ఒక్కో పిట్ట ఎన్ని ఇళ్ల జ్వరాలు మోసిందో ఆ అల్లాకే తెలియాలి.

చిక్కల్లా ఆ చెరువుతోనే. అది ఒక నవాబుగారి జాగీరులోది. కుర్రతనంలో తన తుపాకీ కోసం ఆయన దానికి కట్టడి పెట్టాడు. బయటివాడెవడూ అందులో పిట్టను ముట్టకూడదు. నవాబు ముసలివాడై తుపాకీ దించేశాడు గాని కట్టడి మాత్రం దించలేదు. పోయిన చలికాలం ఖదీర్ వలతో సహా దొరికిపోయాడు. చెరువు గేటు ముందు అందరూ చూస్తుండగా వల కాల్చారు. జాగీరు దఫ్తర్‌కు తీసుకెళ్లి ముచ్చల్కా రాయించుకున్నారు. ఇకమీదట ఖాస్ చెరువులో పిట్టను పడితే ఆరునెలలు జైలుకు పోతానని రాసిన కాయితం అది. దాని కింద ఖదీర్ బొటనవేలి ముద్ర పడింది. బెదిరిపోయి రెండు నెలలు ఉప్పుగూడ వైపే పోలేదు. అయితే పొయ్యికి ముచ్చల్కా తెలుస్తుందా? చలికాలమంతా అతని భార్య షౌకత్ బీ కళ్లు పొడుచుకుని కొత్త వల అల్లింది. దాన్ని రోజూ మోసుకుని పోతే దారిలోనే పట్టేస్తారని, చెరువు దక్షిణం మూలన జమ్ము మధ్యలో మైనపుగుడ్డలో చుట్టి దాచిపెట్టాడు.

సంగతి ఇలా ఉండగా, ఐరోపాలో లడాయి మొదలైన మరుసటి ఏడు, హోళీ వెళ్లిన వారానికి, షేర్వానీ వేసుకున్న ఒక పెద్దమనిషి పంజరాల ముందు గొంతుక్కూర్చున్నాడు. పేరు సోమశేఖర్ అనీ, శాలిబండ దగ్గర ఒక బడిలో సైన్సు పంతులుననీ చెప్పుకున్నాడు. బేరం ఆడలేదు. పిట్టల కేసి చాలాసేపు చూశాడు.

"ఇవి ఎక్కడ పట్టినవ్ భాయ్?"

ముప్ఫై ఏళ్లలో ఏ గిరాకీ అడగని ప్రశ్న అది.

"గుడిమల్కాపూర్ తోటలల్ల సాబ్."

"లాల్ పిట్టలు తోటలల్ల ఎందుకుంటయి? జమ్ములుంటయి గద. ఖాస్ చెరువు నీకు మంచిగ ఎర్కనంట?"

"ఎవరన్నరు సాబ్?"

"అందరంటరు." పంతులు నవ్వాడు. "ఆదివారం నన్ను ఆడికి తీస్కపోవాలె. నా దోస్తు ఒకాయన గూడ వస్తడు. పట్టుడు లేదు, కొట్టుడు లేదు. ఊకె చూస్తం, రాసుకుంటం. నీ కూలీ నీకిస్త."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఖదీర్ తన బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాడు. రాసుకోవడం దేనికి? చదువుకున్నవాళ్లు ఊరికే ఏమీ రాయరు. తన గురించి ఇంతవరకు రాసినదల్లా తన మెడకే చుట్టుకుంది. వస్తానని తల ఊపాడు, వచ్చేది లేదని మనసులో అనుకున్నాడు.

హుసేనీ ఆలం వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు అతనిది. కూతురు ఖుద్సియా పెళ్లయి కార్వాన్‌కు వెళ్లిపోయాక మొగుడూ పెళ్లామే మిగిలారు. సంగతి విని షౌకత్ బీ చేతిలో రొట్టె పిండి అలాగే వదిలేసింది.

"ఆడు పోలీసోడే. చెప్పులేసుకున్నడా, బూట్లా?"

"గుడ్డ బూట్లు."

"ఇంకేంది మరి! ఖుద్సియా అబ్బా, పోకు. జ్వరమని చెప్పు."

"జ్వరమంటే నాలుగు పిట్టలు కొనుక్కొచ్చి నా నెత్తి చుట్టూ తిప్పుతడు." ఖదీర్‌కు నవ్వు రాలేదు. "పోకపోతే దొంగనని రుజువైతది. పోతే ఎటు తిప్పాల్నో అటు తిప్పుకొస్త. దక్షిణం మూలకు మాత్రం పోనియ్య."

"వల తీసేసి రారాదు?"

"కట్ట మీద కావలి రాజన్న తిరుగుతున్నడు. ఆదివారం ఎవరో వస్తున్నరని బాట సాఫ్ జేపిస్తున్నడంట."

ఎవరో వస్తున్నారని చెరువు కావలివాడికి ముందే కబురుందంటే, అది ఉత్త పిట్టల సరదా కాదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అదే అనుకున్నారు.

ఆదివారం చీకటి విచ్చుకుంటుండగా ఉప్పుగూడ రైలు గేటు దగ్గర పంతులు కనపడ్డాడు. పక్కన ఆయన దోస్తు పురుషోత్తం, చంకలో చెక్కపలక, చేతిలో చుట్టిన కాయితాలు. సర్వే దఫ్తర్‌లో నక్షాలు గీసే కొలువట ఆయనది. నక్షా అనగానే ఖదీర్ వెనకబడి నడిచాడు. దొంగతనం జరిగిన ఇంటికి పోలీసు అమీన్ వచ్చినప్పుడు మొదట గీసేది అదే గదా.

చెరువు కట్ట దగ్గర రాజన్న ఎదురొచ్చాడు. పోయిన చలికాలం ఖదీర్ చెయ్యి పట్టుకుని దఫ్తర్‌కు ఈడ్చుకెళ్లిన రాజన్నే. పంతులు జేబులోంచి దఫ్తర్ వాళ్ల ఎర్ర లక్క ముద్ర ఉన్న ఉత్తరం తీసి ఇచ్చాడు. రాజన్న దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసి, వంగి సలాం చేశాడు. ఆ తర్వాత ఖదీర్ వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఆ ఎగరేయడంలో ఏముందో తెలియక ఖదీర్ పొద్దంతా నలిగాడు.

ఉత్తరం గట్టున మాత్రం అతనికి భయం లేదు. అక్కడ తనకు దాచుకోవలసిందేమీ లేదు. తుమ్మచెట్ల మీద తెల్లకొంగలు పుల్లలు పేర్చుకుంటున్నాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. చలికాలపు బాతులు సగం వెళ్లిపోయాయి, మిగిలినవి ప్రయాణానికి తయారై నీళ్ల మీద గోలగోలగా తిరుగుతున్నాయి. ఖదీర్ ఒక్కోదాని పేరు చెబుతూ పోయాడు. ఏది ఎప్పుడొస్తుందో, ఏది ఏ అరుపు అరుస్తుందో, ఏది ఎండకు ఎటు తిరిగి కూర్చుంటుందో చెప్పాడు. పంతులు చిన్నపిల్లవాడిలా అడుగుతుంటే తనకు తెలియకుండానే ఉషారొచ్చింది.

"ఇగో, దీంట్ల చూడు," అని పంతులు తన దుర్బీన్ ఇచ్చాడు.

ఖదీర్ కళ్లకు పెట్టుకున్నాడు. ఒక తీతువుపిట్ట బురదలో నిలబడి ఉంది. దాని కంటి చుట్టూ ఎర్రటి అంచు, ముక్కు చివర వేలాడుతున్న నీటిచుక్క, ఒంటికాలి మీద అది ఊగుతున్న తీరు, అన్నీ కనిపించాయి. వేల పిట్టల్ని అరచేతిలో పట్టుకున్నవాడు అతను. ప్రతి పిట్టా గుండె దడదడలాడిస్తూనే అతని చేతికి వచ్చింది. తనంటే భయం లేని పిట్టను చూడటం అతనికి ఇదే మొదలు. సంతోషంతో దుర్బీన్ దించడం మరిచాడు. వెంటనే ఇంకో ఆలోచన వచ్చి ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. నీటిచుక్క కనపడిన అద్దంలో, అవతలి గట్టున వలకు ముడి వేసే మనిషి వేళ్లు కనపడవా? ఈ మనిషి ఎన్ని రోజులుగా ఇక్కణ్నుంచి చూస్తున్నాడు? దుర్బీన్ తిరిగి ఇచ్చేసి, రెండడుగులు దూరంగా నిలబడ్డాడు.

పంతులు రాయి మీద కూర్చుని నీళ్లు తాగుతూ చెప్పాడు: "ఖదీర్ భాయ్, ఒక మాట. దఫ్తర్‌ల కొత్త బేరం నడుస్తున్నది. చెరువుల జమ్మంత కోపిచ్చి, నీళ్లల్ల పెరిగే సింగాడ కాయల పంటకు గుత్తకిస్తరంట. నేను పోయి బతిలాడిన. పిట్టలు గుడ్లు పెట్టే జాగలు ఏవేవో నక్షా గీసి, రాసి పట్టుకొస్తే ఆ జాగలు ముట్టం అన్నరు. అందుకే ఈ తిప్పలు. నువ్వు చూపిచ్చిన జాగే బతుకుతది."

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? పంతులు ఒక్క ముక్క దాచలేదు. అయినా అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఖదీర్‌కు ఆ మాటలన్నీ ఎరలాగే వినిపించాయి. తాత ముత్తాతల నాటి జమ్మును కోసేవాడెవడు? పోలీసోడు కొట్టి అడుగుతాడు, వాడి పైవాడు చాయ్ పోసి అడుగుతాడు. 'గుడ్లు పెట్టే జాగ చూపించు' అనడం, 'వల వేసే జాగ చూపించు' అనడం, పిట్టలు పట్టే చిడీమార్‌కు రెండూ ఒకటే. పైగా పిట్టగూటిని వేలెత్తి చూపితే ఆ వేలు కుళ్లిపోతుందని చిడీమార్ల ఇళ్లలో మాటలు రాని వయసులోనే నేర్పుతారు. అది పుణ్యం కోసం నేర్పే మాట కాదు. గూడు చూపించినవాడి అన్నం మర్నాడు ఇంకొకడు తింటాడని నేర్పే మాట. ఖదీర్ అరవై ఏళ్లకు దగ్గరపడుతున్నా ఒక్క గూటినీ ఎవరికీ చూపించి ఎరగడు.

"దక్షిణం మూలకు పోదాం," అన్నాడు పురుషోత్తం నక్షా మీద పెన్సిలు ఆనించి. "ఈ ఒక్క మూలనే ఖాళీగున్నది."

"ఆడ ఏం లేవు సాబ్. ఒట్టి పాములు."

"పాముల్ని గూడ రాసుకుంటం," అని పంతులు లేచాడు.

దక్షిణం మూలన జమ్ము మనిషి ఎత్తున నిలబడి ఉంది. వాళ్లింకా వంద అడుగుల దూరంలో ఉండగానే లోపల్నుంచి లాల్ పిట్టల సన్నటి కిచకిచ ఖదీర్ చెవికి అందింది. నడుమ నడుమ నీలి నీటికోళ్లు గొంతు కలుపుతున్నాయి. నలభై గూళ్లకు తక్కువ లేవు ఆ మూలన. వాటికి పది అడుగుల అవతల మైనపుగుడ్డలో వల ఉంది. పురుషోత్తం కాలికి ముల్లు గుచ్చుకుని పంతులు దాన్ని తీస్తూ వెనకాల ఆగిపోకపోతే, ఇద్దరూ అప్పుడే వినేసేవాళ్లు.

"ఇప్పుడే వస్త సాబ్," అని ఖదీర్ చిటికెన వేలు చూపించి తుమ్మచెట్టు చాటుకు నడిచాడు. అక్కడ నాలుక మడిచి, రెండు వేళ్లు పెదాలకు అడ్డం పెట్టి, డేగ కూత కూశాడు. రెండే కూతలు. అతని తండ్రి నేర్పిన విద్య అది. వల వేశాక పిట్టలు ఎగిరిపోకుండా అణిగి కూర్చోడానికి చిడీమార్లు వాడే విద్య. జమ్ములో కిచకిచ టక్కున ఆగిపోయింది. నీటికోళ్లు బురదకు అతుక్కుపోయాయి. అంత పెద్ద జమ్ములో గాలి తప్ప చప్పుడు లేదు.

పంతులు తలెత్తి ఆకాశం చూశాడు. "డేగ కూసినట్టున్నది?"

"వచ్చి అటు పోయింది సాబ్," అన్నాడు ఖదీర్ పైజామా బొందు ముడి సవరించుకుంటూ.

చాలాసేపు నిలబడ్డారు. పంతులు దుర్బీన్‌తో జమ్ము ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. చప్పుడు సన్నగా మొదలవుతుందనిపించగానే ఖదీర్ దగ్గుతూ ఇంకో చాటుకు పోయి వచ్చాడు. మళ్లీ నిశ్శబ్దం.

"నీలి నీటికోళ్లు ఈడ తప్పకుండ ఉంటయనుకున్న," పంతులు గొంతులో ఆశ పోలేదు. "లోపలికి పోయి చూస్త." వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"వద్దు సాబ్! మొన్ననే ఒక బర్రె దిగి మునిగింది. కొమ్ములు గూడ దొరకలే."

ఏ బర్రే మునగలేదు. అయినా పంతులు ఒక కాలు పెట్టగానే మోకాలి దాకా దిగబడింది. పురుషోత్తం కంగారుగా వెనక్కి లాగాడు. బురద కాలితో నిలబడి పంతులు ఖదీర్ ముఖంలోకి చూశాడు.

"నిజంగ ఏం లేవా భాయ్? లాల్ పిట్టలు గూడ లేవా?"

"ఉండె సాబ్, వెనుకటికి. ఇప్పుడు లేవు. ఉంటె నేను చెప్పనా?"

పంతులు నిట్టూర్చి బుక్కు తీశాడు. రాస్తూ పైకి చదివాడు. "దక్షిణం మూల. ఏం లేవు. చెప్పినవారు, ఖదీర్, ముర్గీచౌక్."

"నా పేరెందుకు సాబ్?"

"నీకంటే ఎక్కువ తెలిసినోడు ఎవడున్నడు? నా మాట కన్న నీ మాటకే వజనెక్కువ."

ఖదీర్‌కు అది పొగడ్తలా కాక బెదిరింపులా వినిపించింది. పేరు మరో కాయితం మీదికి ఎక్కింది. పంతులిచ్చిన కూలీ తీసుకుంటున్నప్పుడు కూడా, సాక్షిని కొనుక్కునే డబ్బులేమోనని జంకాడు.

ఆ తర్వాత మూడు వారాలు అతను తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. చౌక్‌లో ఎవరు బూట్లతో నడిచినా పంజరాల మీద గుడ్డ కప్పేవాడు. చెరువు ముఖం చూడలేదు. ఎవరూ రాలేదు. ఉగాది పోయింది, ఎండలు ముదిరాయి, అయినా ఎవరూ రాలేదు. మెల్లగా ధైర్యం వచ్చింది. ధైర్యం వెనకాలే గర్వం వచ్చింది.

"ఆ పంతులు కళ్లకు అద్దాలు పెట్టుకొని గూడ గుడ్డోడే," అని షౌకత్ బీ ముందు నవ్వాడు. "నక్షా మీద నా మూల తెల్లగ ఉన్నది. ఇగ ఆడికి ఎవడు రాడు."

పంజరాల్లో పిట్టలు అయిపోవచ్చాయి. వైశాఖం మొదట్లో ఒకనాడు తెల్లవారుజామున వల కోసం బయల్దేరాడు. ఉప్పుగూడ గేటు దాటగానే పొగ వాసన తగిలింది. చెరువు దగ్గరికి వచ్చేసరికి కొడవళ్ల చప్పుడు వినపడింది. దక్షిణం మూలన ముప్ఫైమంది కూలీలు వరసగా నిలబడి జమ్ము కోస్తున్నారు. కోసింది కోసినట్టే ఎండబెట్టి అంటిస్తున్నారు. ఇప్పటికే సగం మూల బోడిగా ఉంది. నీలి నీటికోళ్లు గొంతు పగిలేలా అరుస్తూ పొగ చుట్టూ తిరుగుతున్నాయి. నల్లటి నూగుతో కోడిపిల్లలంత కూనలు కాళ్ల సందున పరుగెడుతుంటే కూలీలు తొక్కకుండా తప్పుకోవాలని చూస్తున్నారు గాని, ఎన్నని తప్పుకుంటారు? నీళ్ల మీద తేలుతున్న గూళ్లలో గుడ్లున్నాయి. లాల్ పిట్టలు ఎక్కడా లేవు.

రాజన్న గట్టు మీద తువ్వాల నెత్తినేసుకుని కూర్చున్నాడు.

"ఏందన్నా ఇది? ఎవరు కోయమన్నరు?"

"దఫ్తరే. సింగాడకు గుత్తకిచ్చిన్రు. ఉత్తరం గట్టు ముట్టొద్దన్నరు, అక్కడ పిట్టలున్నయని కాయితంల ఉన్నదంట. ఈ మూలకు ఏం లేవని రాసున్నది." రాజన్న బీడీ పారేశాడు. "నాకు నవ్వొచ్చింది ఖదీరూ. ఏం లేవట! పొద్దు మాపు ఇక్కడ ఉండేటోన్ని, నన్నెవ్వరు అడగలే. ఎవడో బాగ తెలిసినోడే చెప్పిండంట."

ఖదీర్ పొగ వైపు నాలుగడుగులు వేశాడు.

"లోపల ఎవడిదో వల గూడ దొరికింది. మంటల ఏసిన్రు. మిగిలిన సగం ఎల్లుండి కోస్తరు."

వల పోయినందుకు ఖదీర్ ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు. అది తనకే వింతగా తోచింది. తండ్రి, తాత, తను, మూడు తరాల అన్నం ఆ మూలన ఉంది. దాన్ని దాచాలనుకున్నాడు. ఎంత బాగా దాచాడంటే, లేకుండానే పోయింది. పంతులు నిజమే చెప్పాడు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నిజమే చెప్పాడు. వెనక్కి తిరిగి ఎండలో శాలిబండ దాకా ఆగకుండా నడిచాడు.

పంతులు ఇంటి అరుగు మీద పిల్లల పరీక్ష కాయితాలు దిద్దుతున్నాడు. ఖదీర్ నిలబడే అంతా చెప్పాడు. ముచ్చల్కా, వల, గూళ్లు, డేగ కూత, మునగని బర్రె, ఏదీ దాచలేదు. పంతులు ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"నేను నిన్ను నమ్మి రాసిన ఖదీర్ భాయ్."

"నేను మిమ్ముల నమ్మక చెప్పిన సాబ్."

పంతులు కాయితాలు పక్కన పెట్టి లేచాడు. "ఇప్పుడు నేనొక్కన్నే పోయి మాట మారిస్తే నవ్వుతరు. నువ్వొచ్చి చెప్పాలె. చెప్తె నువ్వు ముచ్చల్కా తప్పినట్టే. ఆర్నెల్లు పడతయి."

"ఆర్నెల్లు పోతే మల్ల వస్త సాబ్. జమ్ము పోతే మల్ల రాదు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఖదీర్ కూడా ఆశ్చర్యపోయాడు.

షౌకత్ బీ మొదట తిట్టింది. తర్వాత ఏడ్చింది. తర్వాత రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, నాలుగు వేపపుల్లలు మూట కట్టింది. "జైల్ల ఎవనితోని పంచాది పెట్టుకోకు," అని మాత్రం చెప్పి లోపలి గది తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున్నే ఆ మూట చంకన పెట్టుకుని, పంతులు వెంట ఖదీర్ దఫ్తర్ మెట్లెక్కాడు.

పేష్కార్ బాబురావు అక్కడ ఫైళ్లు చూసేవాడు. సన్నటి మనిషి, పెద్దగా గొంతెత్తడు. ఖదీర్ చెప్పిందంతా మధ్యలో ఒక్కమాట అడ్డురాకుండా విన్నాడు. లోపలికెళ్లి రెండు కాయితాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి ముచ్చల్కా, ఇంకొకటి పంతులు రాసిచ్చిన జాబితా.

"దక్షిణం మూలకు పిట్టలున్నయంటవ్."

"ఉన్నయి సాబ్. గూళ్లున్నయి, గుడ్లున్నయి. ఇంకా సగం ఉన్నది. ఆపుండ్రి."

"ఇగో, ఏం లేవని ఇక్కడ నీ పేరు మీదనే ఉన్నది."

"అది అబద్ధం."

"అప్పుడెందుకు చెప్పినవ్ అబద్ధం?"

"జైలుకు భయపడి."

"మరి ఇయ్యాల భయం లేదా?"

"ఉన్నది సాబ్. అయినా వచ్చిన."

బాబురావు కళ్లద్దాల మీదుగా మూటను చూశాడు, పంతుల్ని చూశాడు. "పంతులుగారూ, ఏమనుకోవద్దు. ఈయన చిడీమార్. జమ్ము ఉంటేనే ఈయనకు బువ్వ. ఉన్నయని చెప్పడం ఈయన అవసరం. ఏం లేవని చెప్పిన రోజున ఈయనకొచ్చే లాభమేం లేకుండె. ఏ మాట నమ్మాలె? పైగా సింగాడ వద్దని మొదట్నుంచి అడ్డం పడుతున్నది మీరే. ఈ మూట గూడ మీరే కట్టిచ్చిన్రా ఏంది?"

పంతులు లేచి గట్టిగా ఏదో అనబోయాడు. బాబురావు చెయ్యెత్తి ఆపాడు.

"నేను ముచ్చల్కా తప్పిన," ఖదీర్ బల్ల మీదికి వంగాడు. "ఆ మూలనే వల దాచి పట్టిన. వేలిముద్ర వేస్త, రాసుకో సాబ్. నన్ను పంపు. నా మాట నిజమని అప్పుడన్న నమ్ముతవ్."

"వల ఏది?"

"మీ కూలీలు కాలబెట్టిన్రు."

"పిట్టలేవి?"

"జనం కొనుక్కొని వదిలేసిన్రు."

గదిలో గుమాస్తాలు నవ్వారు. బాబురావు నవ్వలేదు. అతను చెడ్డవాడు కాదు. కాయితం మీద ఉన్నదే లోకమనుకునే మనిషి, అంతే.

"చూడు ఖదీర్ మియా. ఖాస్ చెరువులో పిట్టను పడితే నేరం. దక్షిణం మూలకు పిట్టల్లేవని దఫ్తర్ కాయితంల ఉన్నది. పిట్టల్లేని జాగల పిట్టల్ని పట్టిన నేరం నేనెట్ల రాయాలె? రాస్తే పైవాళ్లు నన్నడుగుతరు." ముచ్చల్కా తీసి నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేశాడు. "ఇగ దీనితోని పనిగూడ లేదు. సింగాడ వేసినంక ఆడ పట్టేటందుకు ఏముంటది? పో, ఇంటికి పో. నీ మీద ఏం లేదు."

ఖదీర్ బొటనవేలు ఇంకా ముందుకు చాపే ఉంది. బాబురావు సిరా డబ్బీ మూత పెట్టి తర్వాతి ఫైలు విప్పాడు. పంతులు ఖదీర్ భుజం పట్టుకుని బయటికి నడిపించాల్సి వచ్చింది.

మూటతో సహా తిరిగొచ్చిన మొగుణ్ని చూసి షౌకత్ బీ గుమ్మంలోనే చేతులెత్తి అల్లాకు శుక్రియా చెప్పుకుంది. ఇరుగుపొరుగుకు కేకేసి, తన మనిషి మీద మచ్చ లేదని, కాయితం చింపేశారని చెప్పింది. ఒకావిడ చక్కెర తెచ్చి నోట్లో పోసింది. ఖదీర్ మంచం మీద కూర్చుని, మూట ఒళ్లో పెట్టుకుని, దాని మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. జైలు తప్పినందుకు అంతలా ఏడ్చిన మగవాణ్ని ఆ గల్లీ ఎన్నడూ చూడలేదు.